పలుచని గాలి

పంచభూతాలలో మనిషికి అత్యంత సన్నిహితమైనది వాయువు. అన్నం లేకుండా కొన్ని వారాలు, నీరు లేకుండా కొన్ని రోజులు బతకగలిగిన మనిషి గాలి లేకుండా కొన్ని నిమిషాలకు మించి బతకలేడు. అయినా అన్నాన్ని తలచుకున్నంతగా, నీటిని వెదకినంతగా అతడు గాలిని తలచుకోడు. అడగకుండా లభించే వస్తువు విలువ అది దూరమైననాడే తెలుస్తుందని పెద్దలు అంటారు. గాలి విషయంలో ఈ మాట సగమే నిజం. నేలమీద ఊపిరి ఆడకపోతే దేహం ఆ క్షణమే గిలగిలలాడి హెచ్చరిస్తుంది. వేల అడుగుల ఎత్తున గాలి పలుచబడినప్పుడు మాత్రం అలా హెచ్చరించదు. పైగా అంతా బాగానే ఉన్నదని నమ్మిస్తుంది. చిన్న విమానాలలో ఎంతో ఎత్తున ప్రయాణించేవారికి పొంచి ఉన్న ప్రమాదాలలో ఇంతటి మాయావి మరొకటి అరుదు.

వాయుమండలంలో ప్రాణవాయువు పాలు సముద్రతీరంలోనూ హిమాలయ శిఖరం మీదా ఒక్కటే. నూటికి సుమారు ఇరవైఒక్క వంతులు. ఎత్తుకు పోయేకొద్దీ తగ్గేది గాలి పీడనం. సముద్రమట్టం వద్ద 760 మిల్లీమీటర్ల పాదరస స్తంభాన్ని నిలపగల గాలి, 18,000 అడుగుల ఎత్తున అందులో సగాన్ని మాత్రమే నిలపగలదు. ఎవరెస్టు శిఖరం మీద అది మూడోవంతుకు పడిపోతుంది. ఊపిరితిత్తులలోని ప్రాణవాయువును రక్తంలోకి నెట్టేది ఈ పీడనమే. అది తగ్గితే ఎంత గట్టిగా గాలి పీల్చినా రక్తానికి అందేది తక్కువే. సుమారు 11,500 అడుగుల ఎత్తున ఉన్న లేహ్ పట్టణానికి విమానంలో చేరుకున్న యాత్రికులను మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి తీసుకోమని చెప్పేది ఇందుకే. కొండ ఎక్కేవారి దేహం ఎత్తుకు అలవాటుపడడానికి రోజుల వ్యవధి ఉంటుంది. విమానంలో పీడనం పోయినవారికి మిగిలే వ్యవధి నిమిషాలలో, ఒక్కొక్కసారి క్షణాలలో ఉంటుంది.

ఈ సత్యాన్ని లోకానికి తెలియజెప్పినవారు దానికోసం ప్రాణాలొడ్డినవారే. విమానం పుట్టడానికి ఎంతో ముందే, 1862 సెప్టెంబరు 5న, ఇంగ్లండులోని వుల్వర్‌హాంప్టన్ పట్టణం నుండి జేమ్స్ గ్లేషర్ అనే వాతావరణ శాస్త్రవేత్త, హెన్రీ కాక్స్‌వెల్ అనే బెలూన్ చోదకుడు ఆకాశంలోకి లేచారు. సుమారు 29,000 అడుగుల ఎత్తున గ్లేషర్ తన పరికరాలలోని అంకెలను చదవలేకపోయాడు. బల్లమీద ఆనించిన చేయి మాట వినలేదు. మెడ నిలవక తల పక్కకు వాలిపోయింది. చూపు పోయింది, ఆ వెంటనే స్పృహ కూడా పోయింది. చిక్కుబడిన తాడును విడదీయడానికి పైకి ఎక్కిన కాక్స్‌వెల్ చేతులు అప్పటికే చలికి కొయ్యబారిపోయాయి. వాయువును వదిలే తాడును అతడు పళ్లతో పట్టి లాగాడు. బెలూన్ దిగసాగింది, ఇద్దరూ బతికారు. స్పృహ వచ్చిన గ్లేషర్ పెన్సిల్ అందుకొని, ఆగిన చోటినుండి తన లెక్కలు మళ్లీ రాసుకోవడం మొదలుపెట్టాడు.

పదమూడేళ్ల తరువాత ఫ్రాన్సులో అంతటి అదృష్టం దక్కలేదు. 1875 ఏప్రిల్ 15న 'జెనిత్' అనే బెలూన్‌లో గాస్తాన్ తిసాందియే, క్రోసే స్పినెల్లి, సివెల్ అనే ముగ్గురు సాహసికులు పారిస్ నుండి బయలుదేరారు. వారు అజ్ఞానులు కారు. పలుచని గాలి దేహాన్ని ఏమి చేస్తుందో పరిశోధించిన పాల్ బేర్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో ముందే పరీక్షలకు కూర్చున్నవారు వారిలో ఉన్నారు. ప్రాణవాయువు నింపిన సంచులను కూడా వారు వెంట తీసుకువెళ్లారు. ఆ నిల్వ చాలదని పాల్ బేర్ రాసిన ఉత్తరం వారికి సకాలంలో అందలేదు. ఎనిమిది వేల మీటర్లకు చేరువైనప్పుడు తిసాందియే సంచి గొట్టాన్ని అందుకోబోయాడు. గొట్టం చేతికందే దూరంలోనే ఉన్నది, చేయి మాత్రం లేవలేదు. మిత్రులను హెచ్చరించాలనుకున్నాడు, నాలుక కదలలేదు. ఆ మధ్యాహ్నం ఆయన మిత్రులిద్దరూ ఆకాశంలోనే మరణించారు. ప్రాణాలతో దిగిన తిసాందియే ఆ తరువాత రాసిన వివరణలో ఒక విచిత్రమైన విషయం ఉన్నది. ఆ స్థితిలో బాధ తెలియలేదనీ, భయం కలగలేదనీ, పైగా మనసు నిండా ఏదో సంతోషం నిండినదనీ ఆయన చెప్పాడు. మృత్యువు అంత సమీపించినప్పుడు కలిగిన ఆ సంతోషమే ఈ ప్రమాదానికి అసలు స్వరూపం.

దేహం ఇలా మోసగించడానికి ఒక కారణం ఉంది. ఊపిరి ఆడనప్పుడు కలిగే ఆరాటానికి మూలం, ఎక్కువభాగం, దేహంలో పేరుకుపోయే బొగ్గుపులుసు వాయువు. పలుచని గాలిలో మనిషి ఊపిరి విడుస్తూనే ఉంటాడు గనుక ఆ వాయువు బయటికి పోతూనే ఉంటుంది. అందుచేత ఉక్కిరిబిక్కిరి అన్న భావమే కలగదు. ప్రాణవాయువు కొరతను వైద్యులు హైపాక్సియా అంటారు. అది మొదట దెబ్బతీసేది మెదడునే. అందులోనూ మంచిచెడ్డలను తూచే విచక్షణ ముందు మసకబారుతుంది. పెదవులు, గోళ్లు నీలిరంగుకు తిరుగుతాయి, మాట తడబడుతుంది, చిన్న కూడిక కూడా కష్టమవుతుంది. అయినా ఆ మనిషికి తాను ఎన్నడూ లేనంత చురుకుగా ఉన్నాననే అనిపించవచ్చు. 2021లో కరోనా రెండో విడత విజృంభించినప్పుడు ఎన్నో తెలుగు ఇళ్లు ఇటువంటి వింతనే కళ్లారా చూశాయి. పల్స్ ఆక్సీమీటర్‌లో అంకె ప్రమాదకరంగా పడిపోయినా, మంచం మీది మనిషి తనకేమీ కాలేదని నవ్వుతూ మాట్లాడిన సందర్భాలు ఉన్నాయి. అప్పుడు నమ్మవలసింది నవ్వును కాదు, అంకెను.

ఈ బలహీనతకు విరుగుడుగా శాస్త్రజ్ఞులు పీడనం నింపిన క్యాబిన్‌ను కనిపెట్టారు. 1940 నాటికి అటువంటి విమానాలు ప్రయాణికులను మోయసాగాయి. తరువాతి దశాబ్దాలలో ఆ ఏర్పాటు నలుగురైదుగురు కూర్చునే చిన్న ప్రైవేటు విమానాలకూ వచ్చింది. దాని పద్ధతి తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఇంజన్ వద్ద ఒత్తిడికి గురిచేసిన గాలిలో కొంత భాగాన్ని చల్లబరచి క్యాబిన్‌లోకి పంపుతారు. ఒక కవాటం దానిని కొలతగా బయటికి వదులుతుంది. వచ్చే గాలికీ పోయే గాలికీ మధ్య సమతూకం వలన, విమానం 25,000 అడుగుల ఎత్తున ఎగురుతున్నా లోపలివారికి ఎనిమిది వేల అడుగుల కొండమీద కూర్చున్నట్లే ఉంటుంది. దీనినే క్యాబిన్ ఎత్తు అంటారు. ఈ సౌఖ్యానికి వెల కూడా ఉన్నది. ఇటువంటి చిన్న విమానం గోడలలో ప్రతి చదరపు అంగుళం మీదా లోపలి గాలి అయిదు పౌండ్లకు పైగా బలంతో ఒత్తుతూ ఉంటుంది. రెండువందల చదరపు అంగుళాల కిటికీని ఆ లెక్కన దాదాపు అయిదువందల కిలోల బరువు బయటికి నెడుతున్నదన్న మాట. ఆ కిటికీ పగిలినా, తలుపు రబ్బరు చినిగినా, కవాటం తెరుచుకొని ఉండిపోయినా లోపలి గాలి బయటి ఆకాశంలో కలిసిపోతుంది. క్యాబిన్ చిన్నది గనుక, అదే రంధ్రం పెద్ద విమానానికి పడినప్పటికన్నా వేగంగా ఖాళీ అవుతుంది.

పీడనం పోవడం రెండు విధాలు. మొదటిది హఠాత్తుగా జరిగేది. పెద్ద చప్పుడు వినిపిస్తుంది. క్యాబిన్‌లోని తేమ చల్లబడి క్షణంలో తెల్లని మంచు పొగ కమ్ముకుంటుంది. కాగితాలు, దుమ్ము ఎగిరిపోతాయి. చెవులు పోటెత్తుతాయి, ఛాతీలోని గాలి దానంతటదే బయటికి తోసుకువస్తుంది. ఆ సమయంలో ఊపిరి బిగబట్టకూడదు. బిగబడితే ఊపిరితిత్తులకే గాయం కావచ్చు. రెండవది మెల్లమెల్లగా జరిగేది. ఇందులో చప్పుడు లేదు, పొగ లేదు. గడియారం వంటి ఒక పరికరంలో ముల్లు నెమ్మదిగా పైకి పాకుతుంది, అంతే. భయపెట్టే మొదటిదానికన్నా నిద్రపుచ్చే రెండవదే ఎక్కువమందిని మోసగించగలదు. ప్రాణవాయువు అందని మనిషి సరిగా ఆలోచించి పని చేయగల వ్యవధిని నిపుణులు ఎత్తును బట్టి లెక్కగట్టారు. 18,000 అడుగుల వద్ద అది ఇరవై ముప్పై నిమిషాలు. 25,000 అడుగుల వద్ద మూడు నుండి అయిదు నిమిషాలు. 30,000 వద్ద ఒకటి రెండు నిమిషాలు. 35,000 వద్ద అర నిమిషం నుండి ఒక నిమిషం. పీడనం హఠాత్తుగా పోతే ఈ వ్యవధి కూడా దాదాపు సగమవుతుంది.

ఈ అంకెల వెనుక ఎన్నో ప్రాణాలు ఉన్నాయి. 1999 అక్టోబరు 25న అమెరికాలోని ఓర్లాండో నుండి డాలస్‌కు ఒక లియర్‌జెట్ విమానం బయలుదేరింది. ఇద్దరు పైలట్లతో కలిపి అందులో ఆరుగురు ఉన్నారు. ఆ ఏడాది యూఎస్ ఓపెన్ గెలిచిన గోల్ఫ్ క్రీడాకారుడు పేన్ స్టీవార్ట్ వారిలో ఒకరు. విమానం 23,000 అడుగులు దాటి పైకి పోతుండగా పైలట్ మామూలుగానే సమాధానం ఇచ్చారు. ఆరు నిమిషాల తరువాత పిలిస్తే పలుకు లేదు. వెంబడించిన సైనిక విమానాల పైలట్లకు లోపలినుండి మంచు పేరుకున్న కిటికీలు మాత్రమే కనిపించాయి. దాదాపు నాలుగు గంటలపాటు ఆ విమానం తనంతట తాను ఎగిరి, దక్షిణ డకోటాలోని ఒక పొలంలో కూలిపోయింది. పీడనం ఎందుకు పోయిందో విచారణలో తేలలేదు. ప్రాణవాయువు సకాలంలో అందక పైలట్లు అశక్తులయ్యారని మాత్రం తేలింది. హెచ్చరిక మోగిన వెంటనే పైలట్లు చేయవలసిన మొట్టమొదటి పని మాస్కు ధరించడమే కావాలని విచారణ సంస్థ గట్టిగా సూచించింది. 2005 ఆగస్టు 14న గ్రీసులో కూలిన పెద్ద విమానం కథ కూడా ఇటువంటిదే. పీడనాన్ని నియంత్రించే మీట ఉండవలసిన స్థానంలో లేదు. హెచ్చరిక మోగింది. పైలట్లు దానిని మరొక హెచ్చరికగా పొరబడ్డారు. కారణం వెదుకుతూ ఉండగానే ఆలోచనాశక్తి హరించుకుపోయింది. 121 మంది మరణించారు.

2014 సెప్టెంబరు 5న న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నుండి ఫ్లోరిడాకు ఒక ఇంజన్ గల చిన్న విమానంలో ఇద్దరు బయలుదేరారు. 28,000 అడుగుల ఎత్తున పైలట్, విమానంలో ఏదో సూచిక సరిగా లేదనీ, 18,000 అడుగులకు దిగాలనీ నియంత్రణ కేంద్రాన్ని అడిగారు. కింద వేరే విమానాలు ఉన్నందున ముందు 25,000 అడుగులకు మాత్రమే అనుమతి లభించింది. ఆపద అన్న మాట ఆయన నోట రాలేదు. కొద్దిసేపటికి మరింత దిగడానికి అనుమతి వచ్చింది. ఆయన సరేనన్నారు, విమానం మాత్రం దిగలేదు. ఆ తరువాత మాటలు తడబడి, ఆగిపోయాయి. గంటల తరబడి ప్రయాణించిన ఆ విమానం చివరికి జమైకా సమీపాన సముద్రంలో పడిపోయింది. మర్యాదగా అడిగే సమయం వేరు. ఆపదను ఆపదగా చాటవలసిన సమయం వేరు. ఆపద అని ప్రకటించిన పైలట్‌కు ఎవరి అనుమతికోసమూ వేచి ఉండవలసిన అవసరం లేదు. వెంటనే దిగే అధికారం అతనికి ఉన్నది. ఆకాశంలోని మిగిలిన విమానాలను పక్కకు తప్పించే బాధ్యత కేంద్రానిది.

కనుక పీడనం పోయినప్పుడు పైలట్ చేయవలసిన పనుల వరుసలో మొదటి స్థానం మాస్కుదే. కారణం వెదకడం, మీటలు సరిచూడడం, పుస్తకం తెరవడం, అన్నీ ఆ తరువాతే. మాస్కు ధరించి, నూటికి నూరుపాళ్లు ప్రాణవాయువు వచ్చేటట్లు మీట తిప్పి, గొట్టంలో నిజంగా వాయువు ప్రవహిస్తున్నదో లేదో చూసుకోవాలి. మాస్కులోని మైకును కలపాలి. రెండవది దిగడం. ఇంజన్ శక్తి తగ్గించి, దారికి కొంచెం పక్కకు తిరుగుతూ విమానం ముక్కును కిందికి వంచాలి. అలా పక్కకు తిరగడం వలన అదే దారిలో కింద వచ్చే విమానాలను తప్పించుకోవచ్చు. విమానం గోడకో తలుపుకో దెబ్బ తగిలినదన్న అనుమానం ఉంటే వేగాన్ని అదుపులో ఉంచాలి. తొందరలో విమానాన్నే విరుచుకోకూడదు. మూడవది చాటడం. రేడియోలో 'మేడే' అని మూడుసార్లు పలికి, 7700 అన్న ఆపద సంకేతాన్ని నొక్కాలి. సాధారణంగా పదివేల అడుగులకు దిగితే మాస్కు లేకుండానే ఊపిరి సాగుతుంది. కింద పర్వతాలు ఉంటే వాటి శిఖరాలకన్నా తగినంత పైన ఆగవలసిందే. నేలకు దిగిన తరువాత కీళ్లనొప్పులు, తిమ్మిర్లు కనిపిస్తే వైద్యుని సంప్రదించాలి. పీడనం తగ్గినప్పుడు రక్తంలో ఏర్పడే నత్రజని బుడగలు వాటికి కారణం కావచ్చు.

ఈ వరుస అంతా వినడానికి సులభమే. దీనిని గుర్తుచేసుకోవలసిన మెదడే ఆ సమయంలో చేజారిపోతూ ఉంటుంది. అందుచేతనే ఆలోచనతో చేయవలసిన పనిని ముందుగానే చేతికి అలవాటు చేసి ఉంచాలి. నేలమీద ఉన్నప్పుడే కళ్లు మూసుకొని మాస్కును అందుకోవడం, ఒంటిచేత్తో ధరించడం అభ్యసించాలి. బయలుదేరే ముందు సిలిండర్‌లో ఎంత నిల్వ ఉన్నదో, దాని మూత తెరిచి ఉన్నదో లేదో చూడాలి. పైకి ఎక్కుతున్నప్పుడు క్యాబిన్ ఎత్తును తెలిపే ముల్లును మధ్యమధ్య గమనించాలి. చిన్న విమానంలో తరచుగా పైలట్ ఒక్కడే ఉంటాడు. పొరపాటు పడితే సరిదిద్దే రెండో పైలట్ పక్కన ఉండడు. కనుక పక్క సీటులో కూర్చున్న భార్య గాని, మిత్రుడు గాని ఆ ముల్లును చదవడం నేర్చుకోవాలి. మాస్కు వేసుకొమ్మని గద్దించే చనువు వారికి ముందే ఇచ్చి ఉంచాలి.

ఇక్కడ ధర్మానికి సంబంధించిన ప్రశ్న ఒకటి ఎదురవుతుంది. పక్కన బిడ్డ ఉండగా తల్లి తన మాస్కు ముందు ధరించవచ్చునా? బిడ్డకు పెట్టిన తరువాతే తాను తినే తల్లికి ఈ నియమం కఠినంగా తోస్తుంది. కాని లెక్క చూస్తే సంగతి బోధపడుతుంది. ఎంతో ఎత్తున ఆమెకు మిగిలినది అర నిమిషం. బెదిరిన బిడ్డ ముఖానికి మాస్కు తొడిగే పెనుగులాటలోనే ఆ అర నిమిషం గడిచిపోతే, తల్లీ బిడ్డా ఇద్దరూ నిస్సహాయులవుతారు. తల్లి ముందు ధరిస్తే, క్షణకాలం సొమ్మసిల్లిన బిడ్డకు కూడా ప్రాణవాయువు అందించి తెప్పరిల్లజేయగలదు. 'తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం' అన్న తెలుగు సామెతను స్వార్థపరుల మాటగా కొట్టివేయడం పరిపాటి. మొదలు నిలిస్తేనే బేరం నిలుస్తుందన్న ఇంగితం అందులో ఉన్నది. ఇతరులను కాపాడవలసినవాడు తన తెలివిని ముందు కాపాడుకోవడం త్యాగానికి విరోధం కాదు. త్యాగానికి మొదటి మెట్టు.

తనను తాను కాపాడుకోలేని స్థితిలో మరొకరి చెవి మనిషిని కాపాడిన ఉదాహరణ కూడా ఉన్నది. 2008 జులై 26న అమెరికాలోని ఒహాయో ప్రాంతం మీదుగా పోతున్న ఒక లియర్‌జెట్ నుండి వింత మాటలు వినిపించాయి. ఎత్తు, వేగం, దిశ ఏవీ తన అదుపులో లేవని పైలట్ ముద్దముద్దగా చెప్పాడు. మిగిలినదంతా బాగానే ఉన్నదని కూడా అన్నాడు. క్లీవ్‌లాండ్ నియంత్రణ కేంద్రంలోనివారు ఆ తడబాటును పరిహాసంగా తీసుకోలేదు. అది ప్రాణవాయువు కొరత లక్షణమని గుర్తించారు. చిన్న చిన్న మాటలతో, ఓపికగా, మళ్లీ మళ్లీ కిందికి దిగమని ఆదేశించారు. విమానం దిగసాగింది. 11,000 అడుగులకు చేరేసరికి పైలట్ గొంతు తేటపడింది, మాట స్పష్టమైంది. విమానం మిషిగన్ రాష్ట్రంలో క్షేమంగా వాలింది. బాగానే ఉన్నానన్న మాటను విని ఊరుకోకుండా, ఆ మాట పలికిన తీరును విన్నవారు రెండు ప్రాణాలు నిలిపారు.

మనిషి తన బుద్ధిని నమ్ముకొని ఆకాశాన్ని జయించాడు. ఆ బుద్ధి కూడా నెత్తురులోని కొన్ని పాళ్ల ప్రాణవాయువు మీద ఆధారపడిన దీపమేనని పలుచని గాలి అతనికి నేర్పింది. దీపం వెలుగుతున్నంతసేపు అది ఆరిపోగలదన్న సంగతి గుర్తుంచుకొని తగిన ఏర్పాటు చేసుకున్నవాడే వివేకి. తన మనసు చెప్పే మాటకన్నా ముల్లు చూపే అంకెను, పక్కవాడి హెచ్చరికను గౌరవించగల వినయం పైలట్‌కు రెక్కలంత అవసరం. ఆ వినయం ఉన్నచోట, హెచ్చరిక మోగగానే చేయి ఎవరినీ అడగకుండా మాస్కును అందుకుంటుంది. ఎందుకు మోగిందో తెలుసుకోవడానికి ఆ తరువాత కావలసినంత సమయం మిగిలి ఉంటుంది.